భాగం నంబరు నలభై ఏడు

సుబేదార్ పొట్నూరు లోకనాథాన్ని హైదరాబాదు శివార్లలో ఉన్న ఆ పరిశోధనా కేంద్రానికి ఆరు నెలల పని మీద పంపారు. అది రెండున్నరేళ్ళ కిందటి మాట. అక్కడ ఆరు నెలలు అనేది కాలం లెక్క కాదనీ, మర్యాదకు అనే మాటనీ అతనికి అర్థమయ్యేసరికి తెచ్చుకున్న నాలుగు జతల బట్టలూ చిరిగిపోయాయి.

యుద్ధభూమిలో జవాన్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఆ కేంద్రంలో 'సమరవాణి' అనే రేడియో సెట్టు తయారవుతోంది. తయారయ్యే చోట దాన్ని రేపు వాడబోయేవాడొకడు ఉండాలని నియమం. అందుకని సిగ్నల్స్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన లోకనాథాన్ని రప్పించి, 'వాడుకదారుల ప్రతినిధి' అని పలక పెట్టి ఒక బల్ల ఇచ్చారు. బల్ల బాగానే ఉంది. ఆ బల్ల ముందు కూర్చున్న మనిషిని ఎవరైనా ఏదైనా అడగాలని మాత్రం నియమంలో లేదు.

లోకనాథం అక్కడికి ఊరికే రాలేదు, ఒకడికి మాటిచ్చి వచ్చాడు. అతని పాత కంపెనీ ఉత్తరాన కొండల్లో ఉంది. పైన చౌకీ, కింద బేస్ క్యాంపు, మధ్యలో మంచు పట్టిన వాలు. వాళ్ళ దగ్గరున్న పాత సెట్టు మొదటి మంచు పడగానే మూగబోతుంది. అప్పట్నుంచి వేసవి దాకా చీటీలు పట్టుకుని ఆ వాలు మీద నడిచేవాడు నాయక్ యడ్ల తవిటినాయుడు. దిగడానికి గంటన్నర, ఎక్కడానికి మూడు గంటలు. నాలుగేళ్ళ కిందట చలి కొరికేస్తే అతని ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. మిగతా మూడూ బాగానే ఉన్నాయని డాక్టరు రాసిచ్చాక మళ్ళీ నడిపిస్తున్నారు. ఇద్దరిదీ శ్రీకాకుళం జిల్లాలో ఒకటే మండలం. వరసకు బావా బావమరుదులు. సెట్టు పట్టుకుని తిరిగొస్తాననీ, ఆ తరవాత నువ్వు కాలు కదపక్కర్లేదనీ లోకనాథం చెప్పి బయల్దేరాడు.

ప్రతి నెలా ఒకటో తారీకున తవిటినాయుడు రేషనుకు కిందికి దిగి, బేస్ క్యాంపులో ఉన్న ఫోను పట్టుకునేవాడు.

"ఏటి బావా, సెట్టు మాటాడతన్నాదా?"

"ఇంకా నేర్సుకుంతన్నాది," అనేవాడు లోకనాథం. ఈ ఏడాది తవిటినాయుడు ఇంకో మాట కూడా కలిపేవాడు.

"నా సర్వీసు వొచ్చే ఏసంగికి అయిపోతాది. ఈ సలికాలం ఒక్కటే గండం. ఈలోపల నేర్సీసుకుంతాదేటి?"

"నేర్సుకుంతాది. నానున్నాను కదేటి."

అని ఫోను పెట్టేసి, సెట్టు ఉన్న గదికి వెళ్ళి దాని ఎదురుగా కాసేపు నిలబడేవాడు. అది మేకపిల్లంత ఉంటుంది. మంజూరైన బరువు పన్నెండు కిలోలు, అసలు బరువు ముప్ఫై ఒకటి. మీట నొక్కితే తాలింపు వేసిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు మాటగా ఎప్పుడు మారుతుందని ప్రాజెక్టు డైరెక్టరు డాక్టర్ చెన్నాప్రగడ విశ్వపతి గారిని ఒకసారి అడిగాడు. ఆయన అయిదు భాషల్లో ఉపన్యసించగల పండితుడు, తన యంత్రం ఒక్క భాషైనా మాట్లాడకపోవడం గురించి ఆయనకు దిగులు లేదు.

"సుబేదార్ గారూ, మీరు దాన్ని చప్పుడంటున్నారు. మేము దాన్ని ధ్వనిసమృద్ధి అంటున్నాము. సందేశం అందులోనే నిక్షిప్తమై ఉన్నది. వెలికితీయడం రెండవ దశ," అన్నారు విశ్వపతి గారు.

జూన్ నెలలో పైనుంచి గట్టిగా కబురొచ్చింది. సెట్టును పరీక్షించి నివేదిక పంపకపోతే ప్రాజెక్టు ఎత్తేస్తామన్నారు. దాంతో కేంద్రం ఆవరణలోనే ఒక ఏర్పాటు చేశారు. ఉత్తరాన ఒక బండ మీద ఒక సెట్టు, దాని దగ్గర లోకనాథం. దక్షిణాన కిలోమీటరు దూరంలో ఇంకో బండ మీద ఇంకో సెట్టు, దాని చుట్టూ షామియానా కింద పరీక్షల సంఘం. ఆరు రోజుల్లో అరవై సందేశాలు ఇటునుంచి అటు పోవాలి.

లోకనాథం మొదటి సందేశం పంపాడు. తాలింపు వేగింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఇక్కడ ఇంకొకరైతే ఏం చేసేవారో గాని, లోకనాథానికి శిక్షణలో ఉస్తాదు నేర్పిన పద్ధతి ఒకటుంది. పంపిన ప్రతి సందేశానికీ ఎదుటివాడి చేత, ముట్టినట్టు, పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేని సందేశం పంపనట్టే లెక్క. ఇరవై ఆరేళ్ళలో ఒక్క గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు. అందుకని పుస్తకం చంకన పెట్టుకుని, బండ దిగి, ముళ్ళకంపల్లోంచి కిలోమీటరు నడిచి షామియానా దగ్గరికి వెళ్ళాడు.

"సందేశం ముట్టిందా సార్?"

"ఏ సందేశం?" అన్నాడు అక్కడ రాసుకుంటున్న గుమాస్తా.

"శత్రువు ఎడమవైపు నుంచి వస్తున్నాడు, అని."

"ఆహా. ఇప్పుడు ముట్టింది," అని గుమాస్తా సంతకం పెట్టాడు. పంపిన వేళ పది అయిదు, ముట్టిన వేళ పది పంతొమ్మిది.

లోకనాథం తిరిగి వెళ్ళి రెండోది పంపాడు. మళ్ళీ నడిచాడు. రోజుకు పది సందేశాల చొప్పున, ఎండలో, ఆరు రోజులు. ఆఖరి సంతకం అయ్యేసరికి పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. కనీసం ఇప్పుడైనా సెట్టు పనికిరాదని తేలింది, బాగుచేస్తారు, అనుకున్నాడు పిచ్చి మహానుభావుడు.

నివేదిక వచ్చింది. పంపిన సందేశాలు అరవై, ముట్టినవి అరవై. తప్పులు సున్నా. ప్రతిదానికీ సంతకం ఉంది. పద్నాలుగు నిమిషాల స్వల్ప ప్రసార విలంబం తప్ప సమరవాణి వందశాతం విజయవంతమని సంఘం ఏకగ్రీవంగా తేల్చి, మిఠాయిలు పంచుకుంది. లోకనాథం చేతిలోనూ ఒక మైసూరుపాకు పెట్టారు. దాన్ని నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. ఈ నివేదికతో ఈ సెట్టు కొండ ఎక్కుతుంది. మొదటి మంచులో ఇది కూడా తాలింపు వేస్తుంది. తవిటినాయుడు మళ్ళీ నడుస్తాడు. అదీ తన సంతకాల పుస్తకం వల్ల. లోకనాథం మైసూరుపాకు తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. తిన్నగా విశ్వపతి గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, అది మాట్లాడలేదు. నేను నడిచాను."

విశ్వపతి గారు కళ్ళజోడు తీశారు. "ఎవరి ఆదేశం మీద నడిచారు?"

"ఆదేశం కాదు సార్. అది మా పద్ధతి."

"ప్రతిసారీ నడిచారా? ఒక్కసారైనా మానలేదా?"

"లేదు సార్."

"అయితే అది లోపం కాదు సుబేదార్ గారూ. పునరావృతమయ్యే లక్షణం. యంత్రంలో పునరావృతమయ్యే లక్షణాన్ని మేము అంగమంటాము," అని ఆయన లేచి, ఎన్నడూ లేనిది అతనికి కుర్చీ చూపించారు. "నివేదికలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. విడిభాగాల జాబితాలో ఒక వరుస చేరిస్తే చాలును."

అప్పటికి జాబితాలో నలభై ఆరు భాగాలున్నాయి. నలభై ఏడోది ఇలా చేరింది: 'సుబేదారు, ఒకటి. సందేశప్రసారమునకు.' మర్నాడు స్టోర్సు గుమాస్తా వచ్చి, ఆస్తి చీటీ ఎక్కడ అంటించమంటారని వినయంగా అడిగి, బెల్టు మీద అంటించి వెళ్ళాడు.

భాగమయ్యాక బతుకు కొంచెం మారింది. వాడుకదారుల ప్రతినిధిగా రెండున్నరేళ్ళలో ఒక్కరూ అతన్ని పలకరించలేదు. భాగం నంబరు నలభై ఏడుని మాత్రం రోజూ పొద్దున్నే ఒకరు వచ్చి, బూజు దులిపే గుడ్డతో సహా, క్షేమం కనుక్కునేవారు. అతని టీ, టిఫిన్లు కందెనల కింద రాశారు. సెలవు అడిగితే భాగాలకు సెలవుండదన్నారు, మరమ్మతు కావాలంటే రాసుకోమన్నారు.

ఇక యుద్ధభూమికి వెళ్ళే ఏ భాగమైనా అన్ని పరీక్షలకూ నిలవాలి గదా. యాభై అయిదు డిగ్రీల వేడిగదిలో రెండు గంటలు పెట్టారు. ఏప్రిల్లో కడప స్టేషన్లో ఇంతకంటే ఎక్కువసేపు కూర్చున్నానని చెప్పి బయటికొచ్చాడు. కుదుపుల బల్ల మీద నిలబెట్టి గంటసేపు ఊపారు. కృత్రిమ వర్షంలో నానబెట్టి, లోపలికి నీరు దిగలేదని ధ్రువీకరించారు. మీటరు ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద పడెయ్యాలన్న పరీక్ష దగ్గర సంఘంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. తోస్తే బాగుండదని ఒకరన్నారు. మధ్యేమార్గంగా లోకనాథమే బల్ల ఎక్కి దూకాడు. అన్నిటికీ తలొగ్గింది ఒకందుకే. ఒక్కో పరీక్ష అయితే సెట్టు కొండకు ఒక్కో అడుగు దగ్గరవుతుంది, ఈ హడావిడిలో ఎవరో ఒకరు పెట్టెను కూడా బాగుచెయ్యకపోతారా అని ఆశ.

ఆగస్టు ఒకటిన ఫోను వచ్చింది.

"సెట్టేటంతాది బావా?"

"పరీక్షలన్నీ పాసయిపోనాది."

"మంచి మాట సెప్పినావు. మోకాలు కూడా పట్టీస్తన్నాది ఈమద్దె."

పరీక్షలు పాసైంది సెట్టు కాదనీ, తనేననీ లోకనాథానికి చెప్పబుద్ధి కాలేదు.

ఫైలు కొనుగోళ్ళ అధికారి తాడంకి కామేశ్వరి గారి బల్ల మీదికి చేరింది. ఆవిడ చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. చదివి కూడా పెట్టదని కొందరు అనేవారు. ఆవిడకు మొదటి పేజీలోనే తేడా కనిపించింది.

"మంజూరైన బరువు పన్నెండు కిలోలు. ఇప్పుడు పెట్టె ముప్ఫై ఒకటి, నలభై ఏడో భాగం అరవై ఎనిమిది, వెరసి తొంభై తొమ్మిది. దీన్ని ఏ జవాను మోస్తాడు?" అన్నారు కామేశ్వరి గారు.

"నలభై ఏడవ భాగమే మోయును," అన్నారు విశ్వపతి గారు.

"తనను తాను మోసుకోవడం బరువు కిందికి రాదా?"

ఈ ప్రశ్న మీద మూడు సమావేశాలు జరిగాయి. చివరికి ఆవిడే దారి చెప్పారు. అనవసరమైన భాగాలు ఏవో తేల్చాలి. ఒక్కోటీ తీసేస్తూ, సందేశం ముడుతోందో లేదో చూడాలి. ముడితే ఆ భాగం అనవసరం. ఇంత సూటి ఆలోచన ఆ కేంద్రంలో ఎవరికీ వచ్చి ఉండలేదు.

ఈసారి వ్యవస్థను విడదీయకూడదని పెట్టెను లోకనాథం వీపుకు కట్టారు. అతను బండ నుంచి బండకు ఇరవై రెండు నిమిషాల్లో వెళ్ళి సందేశం చెప్పాడు. మొదటిరోజు యాంటెన్నా తీసేశారు. సందేశం ముట్టింది. రెండోరోజు బ్యాటరీలు తీసేశారు. ముట్టింది, అదీ పద్దెనిమిది నిమిషాల్లోనే. మూడోరోజు మీటలు, తీగలు, చెవికి పెట్టుకునేవి అన్నీ ఊడదీశారు. పదిహేను. ఆఖరున డొల్ల పెట్టెను కూడా దించేశారు. లోకనాథం చేతులూపుకుంటూ పదకొండు నిమిషాల్లో వచ్చాడు. షామియానాలో చప్పట్లు మోగాయి. నియమం ప్రకారం నలభై ఏడో భాగాన్ని తీసేసి, మిగతా నలభై ఆరూ బిగించి ఒక్కసారి చూశారు. సాయంత్రం దాకా కూర్చున్నా ఏ సందేశమూ రాలేదు.

"చాలా స్పష్టంగా ఉంది. మిగతావన్నీ అనవసరం," అన్నారు కామేశ్వరి గారు.

"బరువు సంగతో?" అన్నాడు సంఘంలో ఒకాయన.

"నడిచే భాగాన్ని ఎవరూ మోయనక్కర్లేదు. మోయవలసిన బరువు సున్నా అని రాయండి."

ఇంత తేలికైన సెట్టు మరే దేశంలోనూ లేదని విశ్వపతి గారు ఒక పరిశోధనా పత్రం మొదలుపెట్టారు.

లోకనాథం చెయ్యి పైకెత్తాడు. భాగాలు మాట్లాడవచ్చునా అని కాస్త చర్చ జరిగాక అనుమతిచ్చారు.

"అమ్మా, ఆ చౌకీలో ఇప్పటికే ఒకడు చీటీలు పట్టుకుని నడుస్తున్నాడు. వాడి నడక తప్పించడానికి గదా సెట్టు అడిగింది. నన్ను పంపితే అక్కడ కొత్తగా ఏం జరుగుతుంది?"

"ఆయనకు ధ్రువపత్రం ఉందా?"

"లేదమ్మా."

"వేడిగది పరీక్ష? వర్షం? మీటరు ఎత్తు?"

"వాడు అంతకంటే ఎత్తునుంచే పడ్డాడు గాని, కాగితం లేదు."

"అంటే అది అనధికార ఏర్పాటు. ఇన్నాళ్ళూ ఎలా వాడారు?" అని కామేశ్వరి గారు నిజంగానే నొచ్చుకుని, అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. 'సదరు చౌకీకి సమరవాణి ఒకటి పంపడమైనది. అచ్చట అనధికారముగా వాడుకలో నున్న పాత పరికరమును తక్షణమే వాపసు తీసుకుని, సర్వీసు ముగియువరకు బేస్ క్యాంపు వంటశాలలో నుంచవలెను. చౌకీ నుండి రెండవ సెట్టుకు గిరాకీ వచ్చినచో, సదరు పాత పరికరమునే కేంద్రమునకు రప్పించి, పరీక్షించి, ధ్రువీకరించి, తిరిగి అచ్చటికే పంపవలెను. గిరాకీ రానిచో అవసరము లేదు.'

నలభై ఏడో భాగం సమ్మతి కోసం ఒక గడి ఉంది. లోకనాథం ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టకపోతే పెట్టెతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు, తవిటినాయుడు ఈ చలికాలం కూడా నడుస్తాడు. పెడితే వాడు పొయ్యి దగ్గర కూర్చుంటాడు. నడిచేది తను. తనకు నలభై ఎనిమిది, వాడి మోకాళ్ళ కంటే తన మోకాళ్ళు మేలు, పైగా వేళ్ళు పదీ ఉన్నాయి. ఇంత తిరిగి తిరిగి, ఎవరూ అనుకోకుండా, ఈ సంఘం సరైన చోటికే వచ్చిందనిపించింది. సంతకం పెట్టాడు.

దారి మూసుకునే ముందు వెళ్ళే ఆఖరి ట్రక్కులో అతన్ని పంపారు. బేస్ క్యాంపు నుంచి పైకి నడిచి ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. చౌకీ బయట తవిటినాయుడు నిలబడి ఉన్నాడు. బక్కచిక్కిపోయాడు. అతను లోకనాథం భుజాల వెనక్కి తొంగిచూశాడు.

"సెట్టేదీ బావా?"

లోకనాథం కాగితం ఇచ్చాడు. తవిటినాయుడు వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకున్నాడు. వంటశాల అన్నచోట వేలు ఆగింది.

"నాకోసరం నువ్వు సెట్టయిపోనావేటి?"

"నీకోసరమేటి, పెమోషనిచ్చినారు," అన్నాడు లోకనాథం.

కంపెనీ కమాండరు కొత్తగా వచ్చిన మేజరు. మంచివాడు, శ్రద్ధగల మనిషి, కాగితంలో ఏది ఉంటే అదే వచ్చిందని దించుకునే రకం. అతను చలాను సరిచూసుకుని, లోకనాథం చుట్టూ ఒకసారి తిరిగి, దెబ్బలేమీ లేవని రాసుకున్నాడు. రాసుకున్నాక ఆలోచన వచ్చింది. ఒకటే సెట్టు ఉంటే, అది చెడిపోయిన రోజున ఏం చేస్తాం? అప్పటికప్పుడు చీటీ రాసి, సమరవాణి మొదటి సందేశంగా దాన్ని లోకనాథం చేతికే ఇచ్చాడు. కిందికి చేర్చాలి, అక్కణ్ణుంచి హైదరాబాదుకు పంపుతారు. పాత పరికరాన్ని కూడా ఆ దారినే తీసుకుపొమ్మన్నాడు.

ఇద్దరూ వాలు దిగడం మొదలుపెట్టారు. తవిటినాయుడు ముందు నడుస్తూ, ఎక్కడ కాలు వెయ్యాలో ఎక్కడ వెయ్యకూడదో కర్రతో చూపిస్తున్నాడు. ఎప్పుడూ లేనంత హుషారుగా మాట్లాడుతున్నాడు.

"పొయ్యికాడ పని బావా. పొద్దల్లా కాళ్ళు కాసుకోవచ్చు. ఇంటికాడ మా గుంటకి ఉత్తరం రాసీస్తాను, నాను బాగున్నాననీసి."

"రాయి."

"అవునుగానీ, ఆ సీటీలో ఏటున్నాది?"

లోకనాథం చీటీ తీసి చదివాడు. 'సమరవాణి అందినది. సంతృప్తికరముగా పనిచేయుచున్నది. రెండవది వెంటనే పంపగలరు.'

తవిటినాయుడి కర్ర మంచులో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. ఉత్తర్వు అతనూ చదివాడు. రెండవది ఎవరో అతనికి విప్పి చెప్పనక్కర్లేదు.

"సరేలే. ఒక్క సలికాలమే గదా," అన్నాడు కర్ర లాక్కుని. ఆ గొంతు వింటే లోకనాథానికి, వీడు ఎన్నేళ్ళనుంచి ఈ మాట అనుకుంటూ ఈ వాలు దిగుతున్నాడో అనిపించింది.

లోకనాథం చీటీని మళ్ళీ చూశాడు. సర్వీసులో అతని చేతికి వచ్చి ముట్టని సందేశం లేదు. ఆ సంగతి చెప్పుకుని ఇంటి దగ్గర పదిమందిలో మీసం తిప్పినవాడు. చీటీని రెండుగా చింపాడు. నాలుగుగా చింపాడు. ఇంకా చిన్న ముక్కలు చేసి చెయ్యి తెరిస్తే గాలి వాటిని లోయలోకి ఎత్తుకుపోయింది.

"బావా, సందేశం," అన్నాడు తవిటినాయుడు నోరు తెరిచి.

"ఈ వాలు మీద సిగ్నలందదు, పద," అన్నాడు సమరవాణి.